పాత యాంప్లిఫయర్‌ను టిఫిన్ డబ్బాంత చేసే 3116 నీలం బోర్డు: కొనొచ్చా?

పెద్ద చెక్క డబ్బా, లోపల రెండు కిలోల దాకా తూగే ట్రాన్స్‌ఫార్మర్, వెనక అల్యూమినియం హీట్ సింకు, ముందర వరుసగా ఐదారు నాబులు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు చాలా ఇళ్లల్లో మెకానిక్ చేతితో కట్టిన ఇలాంటి అసెంబుల్డ్ సెట్టు ఇప్పటికీ సజ్జ మీద ఉంటుంది. మూత తీస్తే 4440 ఐసీ, లేదంటే 2030 ఐసీలు. స్పీకర్లు ఇంకా మంచిగనే పలుకుతాయి. డబ్బాకే ఇంట్లో చోటు లేదు. ఆ డబ్బా పని మొత్తం అరచేతంత బోర్డుతో చేయించాలనుకునేవాళ్లు ఎక్కువగా కొంటున్నది టీపీఏ3116 ఐసీ ఉన్న నీలం బోర్డు. రెండు ఐసీలు, పైన నల్లటి హీట్ సింకు, పక్కన వాల్యూమ్ నాబు ఉండే ఎక్స్‌హెచ్-ఎం543 రకం గురించే ఈ రివ్యూ. ధర అమ్మేచోటును బట్టి నాలుగైదు వందలకు అటూ ఇటూ ఉంటుంది.

ముందే చెప్పేస్తే, రెండు స్పీకర్ల సెట్టును చిన్నగా చేసుకోవడానికి ఇది కొనదగ్గ బోర్డే. డబ్బా మీద రాసిన 120 ప్లస్ 120 వాట్లు చూసి కొంటే మాత్రం మోసపోయినట్టే.

ఆ లెక్క జర చూద్దాం. ఈ ఐసీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల క్లాస్-డి యాంప్లిఫయర్, అంటే వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ నడిచే రకం. 4.5 నుంచి 26 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. స్పీకర్ రెండు తీగలనూ తనే నడిపే ఇలాంటి బ్రిడ్జి యాంప్లిఫయర్ ఇవ్వగల పవర్‌ను వోల్టేజీ, స్పీకర్ ఓమ్‌లు కలిసి నిర్ణయిస్తాయి. వోల్టేజీని వోల్టేజీతోనే గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో భాగిస్తే గరిష్ఠం వస్తుంది. 24 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకర్: 576ను 16తో భాగిస్తే 36 వాట్లు. నష్టాలు పోగా ముప్పై చిల్లర. అదే బోర్డు 120 వాట్లు ఇవ్వాలంటే స్పీకర్ 2.4 ఓమ్‌లు ఉండాలి. ఇండ్లల్లో ఉండే పాత స్పీకర్ల వెనక చూడండి, 8 అనో 4 అనో ఉంటుంది. రెండు ఐసీలు ఎందుకంటే, ఈ బోర్డులో ఒక్కో ఐసీని ఒక్కో స్పీకర్‌కు పెట్టారు. 4 ఓమ్‌ల స్పీకర్లకు అది పనికొస్తుంది. 8 ఓమ్‌లకైతే ఒక్క ఐసీ ఉన్న బోర్డు ఇచ్చేదే ఇదీ ఇస్తుంది. కాకపోతే చల్లగా ఉంటుంది.

ఇంతకీ పాత సెట్టు ఇచ్చిందెంత? మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులు ఇచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ మీద 2030 ఐసీ 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఇచ్చేది పది వాట్లకు అటూ ఇటూ. 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 3116 పద్దెనిమిది దాకా ఇస్తుంది. దాదాపు రెట్టింపు. అందుకే ‘చిన్న బోర్డు కదా, సౌండు తగ్గుతది’ అన్న అనుమానం అక్కర్లేదు.

19 వోల్టులే ఎందుకంటే, సెట్టు చిన్నది అయ్యేది కాకపోయేది తేలేది బోర్డు దగ్గర కాదు, దానికి కరెంటిచ్చే సామాను దగ్గర. పాత ట్రాన్స్‌ఫార్మర్‌నే వాడుదాం, డబ్బులు మిగులుతాయి అనుకుంటే బరువూ డబ్బా సైజూ అట్లనే ఉంటాయి. పైగా ఎక్కువ బోర్డులు కాలేది అక్కడే. 12-0-12లో రెండు చివరలూ పట్టుకుని డయోడు బ్రిడ్జి పెడితే 24 వోల్టుల ఏసీ కాస్తా 34 వోల్టుల డీసీ అవుతుంది. ఐసీ తట్టుకునే హద్దు 30. స్విచ్ వేసిన క్షణమే పోతుంది. తప్పక ట్రాన్స్‌ఫార్మరే వాడాల్సి వస్తే మధ్య తీగను గ్రౌండుగా పెట్టి, రెండు చివరలకు ఒక్కో డయోడు వేసి కలపాలి. అప్పుడు 16 వోల్టుల దగ్గర వస్తుంది. 35 వోల్టుల 4700 మైక్రోఫారడ్ కండెన్సర్ కొత్తది వేయాలి. పాత సెట్టులోని కండెన్సర్ పైకప్పు ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉండొచ్చు, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

అన్నిటికంటే మేలైనది పాత ల్యాప్‌టాప్ ఛార్జర్. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అంటే 65 వాట్లది. 4.74 ఆంపియర్లు అంటే 90 వాట్లది. 8 ఓమ్‌ల స్పీకర్లకు 65 చాలు, 4 ఓమ్‌లకైతే 90 కావాలి. 230 వోల్టులు ఛార్జర్ ఇటుక దగ్గరే ఆగిపోతాయి కాబట్టి మనం చేసే చిన్న డబ్బాలోకి మెయిన్స్ కరెంటు అసలే రాదు. పిల్లలున్న ఇంట్లో ఇదొక్కటే చాలు ఈ పద్ధతి ఎంచుకోవడానికి. కొన్ని కంపెనీల ఛార్జర్ వైరు కోస్తే లోపల మూడు తీగలు కనబడతాయి. సన్నగా ఉన్నది ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను గుర్తుపట్టడానికి ఇచ్చినది. దాన్ని టేపు చుట్టి వదిలేయండి. మిగతా రెండింటిలో ప్లస్ ఏదో మీటరుతో చూసుకోకుండా బిగించొద్దు. చాలా బోర్డుల్లో ఉల్టా కరెంటుకు రక్షణ ఉండదు.

సీసీ కెమెరాలకు, స్ట్రిప్ లైట్లకు వాడే జాలీ డబ్బా ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై) కూడా పనిచేస్తుంది. 24 వోల్టులది తీసుకుంటే టెర్మినల్ పక్కన చిన్న ట్రిమ్మర్ ఉంటుంది. దాన్ని తిప్పి 22కు దించండి. పెంచే వైపు తిప్పితే 26 దాటిపోతుంది. దాని టెర్మినళ్ల మీద 230 వోల్టులు బయటకే కనబడుతుంటాయి, మూత లేకుండా వాడేది కాదు.

బోర్డు చేతికొచ్చాక కరెంటు ఇవ్వకముందే రెండు చూడాలి. మొదటిది కండెన్సర్ల ఒంటి మీద రాసిన వోల్టేజీ. 35 అని ఉంటే బేఫికర్. కొన్ని బోర్డుల మీద 25 వోల్టులవి వేసి, 24 వోల్టులు ఇవ్వొచ్చని రాస్తారు. ఒక్క వోల్టు తేడాతో కండెన్సర్ ఎన్నాళ్లు బతుకుతుంది? అలాంటిది వస్తే 19 దాటించొద్దు. రెండోది హీట్ సింకు. ఈ ఐసీకి వేడి బయటకు పంపే లోహపు పలక పై వైపే ఉంటుంది, హీట్ సింకు దానికి సరిగ్గా ఆనాలి. బోర్డును కంటికెదురుగా అడ్డంగా పట్టుకుని ఐసీకీ సింకుకీ మధ్యలోంచి చూడండి. వెలుగు సందు కనబడితే సింకు ఊరికే అలంకారానికి ఉన్నట్టే. స్క్రూలతో ఉన్నదైతే విప్పి, పాత జిగురు గీకి, థర్మల్ పేస్టు పలుచగా రాసి మళ్లీ బిగించాలి. జిగురుతో అతికించినదైతే బలంగా పీకితే ఐసీ కాళ్లు లేచొస్తాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి.

పాత సెట్టును పడేసే ముందు దాంట్లోంచి నాబులు, ఆర్‌సీఏ సాకెట్లు (పిన్ను గుచ్చే గుండ్రటి ఆడియో సాకెట్లు), స్పీకర్ వైరు నొక్కి పెట్టే స్ప్రింగ్ టెర్మినళ్లు, రబ్బరు కాళ్లు తీసిపెట్టుకోండి. వాల్యూమ్ కంట్రోల్ మాత్రం తీయొద్దు. పాత సెట్లలో ఎక్కువగా 100కే, అంటే 100 కిలో ఓమ్‌లది ఉంటుంది. వాల్యూమ్ లేని వేరే 3116 బోర్డులకు దాన్ని తగిలిస్తే, బోర్డు ఇన్‌పుట్ దాని మీద భారం వేయడంతో సగం దాకా సౌండు రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా మీదపడుతుంది. 10కే డ్యూయల్ (రెండు స్పీకర్లకూ ఒకే నాబు) కొత్తది వేయండి. నీలం బోర్డుకు ఈ బాధ లేదు, వాల్యూమ్ దాని మీదే ఉంది.

ఇక వైరింగు. ఈ బోర్డు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఒక్క విషయం తెలియక వచ్చేవే. పాత 2030 సెట్టులో రెండు స్పీకర్ల మైనస్‌లూ గ్రౌండే. మెకానిక్ ఆ రెండింటినీ కలిపి వెనక రేకుకు సాల్డర్ చేసి ఉంటాడు. 3116లో అట్లా కాదు. స్పీకర్ మైనస్ కూడా ఐసీ నుంచి నేరుగా వచ్చే తీగే. దాన్ని రెండో స్పీకర్ మైనస్‌తో కలిపినా, రేకుకు తగిలించినా షార్టే. పాత డబ్బా వెనక ప్లేటును ఆర్‌సీఏ సాకెట్లతో సహా కొత్త డబ్బాకు బిగించి, వాటికి స్పీకర్లు కలిపితే జరిగేది ఇదే: సాకెట్ల బయటి రింగులు రేకు ద్వారా ఒకటితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఐసీలో రక్షణ ఉంది కాబట్టి చాలాసార్లు కాలదు, సౌండు రాకుండా మొండికేస్తుంది, లేదా టక్ టక్ అని ఆగి ఆగి కొడుతుంది. ‘బోర్డు డెడ్ వచ్చింది’ అని ఒక్క స్టారు ఇచ్చేవాళ్లలో కొందరి బోర్డు నిక్షేపంగా ఉంటుంది. స్పీకర్లకు స్ప్రింగ్ టెర్మినళ్లు వాడండి, నాలుగు తీగలూ విడివిడిగా తీసుకెళ్లండి. ఆర్‌సీఏ సాకెట్లను ఇన్‌పుట్‌కే ఉంచుకోండి.

మీటరు పెట్టి చూసేటప్పుడు కూడా ఇదే గుర్తుండాలి. నల్ల ప్రోబు గ్రౌండు మీద, ఎర్రది స్పీకర్ టెర్మినల్ మీద పెడితే ఇచ్చిన వోల్టేజీలో సగం, అంటే 9.5 దాకా చూపిస్తుంది. అది లోపం కాదు. చూడాల్సింది ఒకే స్పీకర్ ప్లస్, మైనస్‌ల మధ్య. అక్కడ కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. వోల్టుల్లో ఉంటే స్పీకర్ తగిలించొద్దు, కాయిల్ మాడిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ప్లస్ తీగకు వరుసలో లారీ ఇండికేటర్ బల్బు పెట్టండి, 24 వోల్టుల 21 వాట్లది. ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల దుకాణంలో అడిగినా ఇస్తారు, హోల్డరుతో కలిపినా ఖర్చు తక్కువే. బోర్డు బాగుంటే బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతుంది. ఆ మెరుపు కండెన్సర్లు నిండడం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది, వెంటనే తీసేయండి. కరెంటు ఒక ఆంపియర్ దాటదు కాబట్టి ఈలోపు ఏదీ కాలదు. బల్బు ఆరాక మెల్లగా పాట పెట్టి పది నిమిషాలు వినండి. వాల్యూమ్ పెంచితే దరువు పడ్డప్పుడల్లా బల్బు ఎర్రబడుతుంది, అది మామూలే. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపిస్తే బల్బు తీసి నేరుగా కలపండి. బోర్డుకు 40/76 వైరు, స్పీకర్లకు 23/76 వైరు సరిపోతుంది. ఇన్‌పుట్‌కు మాత్రం షీల్డు వైరే వాడాలి.

బ్లూటూత్ ఈ బోర్డులో లేదు. ఫోను నుంచి వినాలంటే విడిగా పెట్టుకోవాలి, తలనొప్పి మొదలయ్యేది అక్కడే. ఎంహెచ్-ఎం18 లాంటి చిన్న మాడ్యూల్‌కు 5 వోల్టులు చాలు. 19 నుంచి 5కు దించడానికి 7805 రెగ్యులేటర్ వేస్తే, వంద మిల్లీ ఆంపియర్లకే 1.4 వాట్ల వేడి పుడుతుంది, దానికి మళ్లీ ఒక హీట్ సింకు. ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ మేలు. కొత్తగా కొన్నది మొదట తిప్పినా మారదు. వోల్టేజీ ఇచ్చినంతే చూపిస్తుంటుంది, ట్రిమ్మర్ పాడైందనిపిస్తుంది. ఎడమకు తిప్పుతూ పోండి, పది చుట్లు దాటాక ఒక్కసారిగా దిగడం మొదలవుతుంది. మీటరులో 5 చూశాకే బ్లూటూత్ తగిలించాలి. ముందే తగిలిస్తే 19 వోల్టులూ దాని మీద పడతాయి.

ఇంత చేసినా పాట లేనప్పుడు స్పీకర్లలో సన్నగా కీచుమనే చప్పుడు, ఫోను కలిసేటప్పుడు టిర్ర్‌మని వస్తుంటే, బ్లూటూత్ గ్రౌండూ యాంప్లిఫయర్ గ్రౌండూ రెండు దారుల్లో కలిశాయని అర్థం. ఒకటి కరెంటు తీగ గుండా, రెండోది ఆడియో తీగ గుండా. బీ0505ఎస్ అనే చిన్న నల్ల ఐసొలేటర్ కన్వర్టర్‌ను బక్‌కూ బ్లూటూత్‌కూ మధ్య పెడితే కరెంటు దారి తెగిపోయి చప్పుడు పోతుంది. కండెన్సర్ల మీద కండెన్సర్లు వేసి చూసేదానికంటే ఇదొక్కటి వేయడం సులువు.

పాత సెట్టుకు ముందర యూఎస్‌బీ, ఎఫ్‌ఎం, రిమోట్ ఉన్న ప్యానెల్ కిట్ ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. వెనక తిప్పి మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉందో లేదో చూడండి. ఉంటే 12 వోల్టుల రకం కావొచ్చు. లేకపోతే 5 వోల్టులే ఇవ్వాలి. అయితే ఆ కిట్‌లో ఎఫ్‌ఎం మీద ఆశ పెట్టుకోవద్దు. 3116 లోపల సెకనుకు నాలుగు లక్షల సార్లకు పైగా ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఆ రొద స్పీకర్ వైర్ల గుండా ఏరియల్‌లాగా బయటకు పాకుతుంది. ఎఫ్‌ఎంలో ఆకాశవాణి వరంగల్ అయినా కొంత గరగరతో వినిపిస్తుంది గానీ, పక్కన పాత రేడియో పెట్టి 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ మీడియం వేవ్ పట్టుకోవాలంటే కష్టం. 400కు రెట్టింపు 800, మూడింతలు 1200, అన్నీ మీడియం వేవ్ పట్టీలోనే పడతాయి. స్పీకర్ తీగలను జడలాగా మెలితిప్పి, డబ్బా దగ్గర ఫెరైట్ రింగులో రెండు చుట్లు తిప్పితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. రేడియో ఎక్కువగా వినే ఇల్లైతే పాత 2030 సెట్టునే ఉంచుకోవడం నయం.

డబ్బా సంగతి. స్టీలు టిఫిన్ డబ్బాలో పెడితే ఫొటోకు బాగుంటుంది. లోపల బ్లూటూత్ ఉంటే గది దాటకముందే తెగిపోతుంది, రేకు సిగ్నల్‌ను బయటకు రానీయదు. పైగా స్టీలుకు రంధ్రం వేయడం అంత తేలిక కాదు. సీసీ కెమెరాలకు బిగించే పీవీసీ జంక్షన్ బాక్సు చవక, కత్తితోనైనా తెగుతుంది, మూతకు స్క్రూలు వస్తాయి. బోర్డు కొలిచాక సరిపోయేది తీసుకోండి, బక్, బ్లూటూత్ పట్టడానికి ఒక పక్క రెండు వేళ్ల సందు మిగలాలి. బోర్డును ఇత్తడి స్పేసర్ల మీద ఎత్తి నిలబెట్టండి. గాలికి అడుగున ఒక వరుస, మూతలో సింకుకు సరిగ్గా పైన ఒక వరుస చిల్లులు వేయాలి. పక్కల మీద వేస్తే వేడి పైకి పోయే దారి ఉండదు. చిల్లుల లోపలి వైపు దోమల జాలీ ముక్క అతికించండి. వెచ్చగా ఉండే చోటును వెతుక్కుంటూ వచ్చే బల్లి పిల్ల ఐసీ రెండు కాళ్ల మధ్య అడ్డంగా పడితే రిపేరు ఖర్చు బోర్డు ధరంత.

ఈ ఐసీ తిన్న కరెంటులో తొంభై శాతం దాకా స్పీకర్లకు పంపుతుంది. రెండు స్పీకర్లూ గట్టిగా వాయిస్తున్నా లోపల పుట్టే వేడి నాలుగైదు వాట్లే. అయినా మే నెలలో గది 40 దాటినప్పుడు, మూసిన డబ్బాలో అదీ ఎక్కువే. పాట మధ్యలో ఆగి, కాసేపటికి దానంతట అదే మొదలైతే ఐసీ వేడెక్కి తనను తాను ఆపుకుంటోందని అర్థం. పైన చెప్పిన సింకు సందు మళ్లీ చూడాలి. ఛార్జర్ ఇటుకను డబ్బా మీద పెట్టే అలవాటు మానాలి.

మెచ్చనివి కూడా రాయాలి. పాట లేనప్పుడు స్పీకర్‌కు చెవి ఆనిస్తే సుయ్‌మని వినిపిస్తుంది. గది అవతల కూర్చుంటే తెలియదు గానీ, బల్ల మీద పెట్టుకునే స్పీకర్లకు తెలుస్తుంది. ఆఫ్ చేసినప్పుడు చిన్న దబ్ వస్తుంది. బేస్, ట్రెబుల్ లేవు. పాత సెట్టులో బేస్ నాబు పూర్తిగా తిప్పి వినే అలవాటున్నవాళ్లకు మొదటి రెండు రోజులు చప్పగా అనిపిస్తుంది. ఫోనులో ఈక్వలైజర్ సర్దుకుంటే సరిపోతుంది. పనిలో పనిగా స్పీకర్ డబ్బాలను కూడా చిన్నగా చేయాలని మాత్రం చూడొద్దు. ఎనిమిది అంగుళాల స్పీకర్‌ను సగం డబ్బాలో బిగిస్తే బేస్ పోయి మూతబెట్టిన కుండలోంచి మాట్లాడినట్టుంటుంది, దాన్ని ఏ బోర్డూ బాగుచేయలేదు.

సబ్‌వూఫర్ ఉన్న 4.1, 5.1 హోమ్ థియేటర్‌కు ఈ బోర్డు కాదు. సబ్‌కు వేరే ఫిల్టర్ కావాలి. సబ్ గుంజినప్పుడల్లా 65 వాట్ల ఛార్జర్ తట్టుకోలేక డుబ్ డుబ్ అని ఆగి ఆగి వస్తుంది. దానికి ఇదే ఐసీతో 2.1 అని విడిగా బోర్డులున్నాయి, 90 వాట్లకు తక్కువ కాని ఛార్జర్‌తో తీసుకోవాలి. మరోవైపు, మూడు నాలుగు అంగుళాల స్పీకరున్న పాత టేప్‌రికార్డర్‌ను, డబ్బా రేడియోను బాగుచేసుకునేవాళ్లకు ఇది అక్కర్లేని భారం. ఫోను ఛార్జర్‌తోనే నడిచే పీఏఎం8403 చాలు. ధర వంద లోపే, మూడు వాట్లు ఇస్తుంది. 5.5 వోల్టులు దాటిస్తే పోతుంది, అదొక్కటే జాగ్రత్త. 12 వోల్టుల అడాప్టర్ చేతిలో ఉంటే పీఏఎం8610 సరిపోతుంది, దాని హద్దు 15.

వరంగల్ చౌరస్తా, హన్మకొండ దుకాణాల్లో యాంప్లిఫయర్ బోర్డు కావాలంటే ముందు 4440నే చేతిలో పెట్టొచ్చు. 3116 అని నంబరు చెప్పి అడగాలి. దొరకకపోతే కోఠి గుజరాతీ గల్లీ, లేదా ఆన్‌లైన్. ఆన్‌లైన్‌లో కొంటే ఫొటోలో కండెన్సర్ మీద అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా చూపించినవాళ్ల దగ్గరే కొనండి. పాత డబ్బాలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇనుప సామాన్లవాళ్లకు తూకానికి వేసేముందు చుట్టు తీగను బ్లేడుతో కొంచెం గీకి చూడండి. ఎర్రగా మెరిస్తే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం. రాగిదైతే మెకానిక్‌కే ఇవ్వండి, తూకం ధర కంటే ఎక్కువే ఇస్తాడు.